వంకచేని చిర్రాకు

మా మనవడు ప్రొద్దుటూరులో పురుగుమందుల అంగడి పెట్టి కొన్ని నెలలైంది. కొబ్బరికాయ కొట్టిన రోజు నేను పోలేకపోయాను, మోకాళ్ళు సహకరించలేదు. మొన్న ఆసుపత్రికి పోయి వస్తూ ఆటో ఆపించి, అంగడిలో కాసేపు కూర్చున్నాను. మందుల ఘాటు ముక్కుకు తగులుతోంది. ఎదురుగోడకు రంగుల పటం ఒకటి వేలాడుతోంది. చేలల్లో మొలిచే కలుపు మొక్కల బొమ్మలు. గరిక, తుంగ, వయ్యారిభామ, వాటి మధ్య చిర్రాకు. తోటకూరను మా వైపు చిర్రాకు అంటాం. ఎర్రటి కాడ, కొసన ఎలుకతోక లాంటి కంకి, అచ్చు అదే. బొమ్మ కింద ‘మొండి కలుపు’ అని రాసి ఉంది.

“ఇదేందిరా, చిర్రాకును ఈడ కట్టినారు?” అన్నాను.

“అది చావదవ్వా. ఎన్ని మందులు కొట్టినా మళ్ళా లేస్తాది. రైతులు శానా తిప్పలు పడతాండారు” అన్నాడు.

అప్పుడే అంగడి ముందర ఆకుకూరల తోపుడుబండి ఆగింది. తడిగోనె కింద చిర్రాకు కట్టలు. ఎదురింటామె వచ్చి కట్ట విప్పి చూసి, పురుగు లేదని తేల్చుకుని తీసుకుపోయింది. మనవడు తల ఎత్తలేదు. వాడికి గోడమీది మొక్క వేరు, బండిమీది కూర వేరు. నాకు మాత్రం ఆ రెండింటి నడుమ మా జేజి నిలబడినట్టయింది.

మాది జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఒక చిన్న ఊరు. నాపరాళ్ళ గోడలు, మట్టి మిద్దెలు, ఊరి చుట్టూ నల్లరేగడి. జొన్న, కొర్ర, పత్తి, శనగ తప్ప వేరే పంట మాకు తెలియదు. జొన్నలను నేలలో గొయ్యి తవ్వి పాతర వేసేవాళ్ళు. పాతర తెరిచిన రోజు ఊరంతా ఒక వాసన కమ్మేది. మగ్గిన గింజ, తడి మట్టి, చొప్ప కలిసిన వాసన. మాకు అది పండుగ వాసన. దిగిన వెంటనే లోపలి ఆవిరికి తల తిరుగుతుందని పెద్దవాళ్ళు మమ్మల్ని అంచుకు కూడా రానిచ్చేవాళ్ళు కాదు. అయినా మేము దొంగచాటుగా బోర్లా పడుకుని, మెడలు సాచి, ఆ చీకట్లోకి ఊఁ అని కూతలు పెట్టేవాళ్ళం.

జేజి మా నాయనను కన్న తల్లి. ఇంటి తాళాలు ఆమె నడుముకే ఉండేవి. మా నాయన మీసాలు నెరిసే వయసుకు వస్తున్నా, ఏ చేనికి ఏ విత్తనమో జేజి చెప్పాల్సిందే. పుట్టిల్లు పులివెందుల దగ్గర వేముల తట్టు అని మాత్రం మాకు తెలుసు. అక్కడి నుంచి ఎవరూ వచ్చేవారు కాదు, ఆమె పోయేదీ కాదు.

ఆమెకు లోకంలో ఒక్కటే శత్రువు, చిర్రాకు. పెన్నలో కలిసే వంక పక్కన మాకు ఒక చేను ఉండేది, వంకచేను అనేవాళ్ళం. వంక పొంగినప్పుడల్లా ఎక్కడెక్కడి విత్తనాలో తెచ్చి అందులో పోసేది. జొన్న మొలిచే లోపల చిర్రాకు మొలిచేది. జేజి పొద్దున్నే చిన్న పార పట్టుకుని పోయి, సాలు వెంబడి కూర్చుని, ఒక్కొక్క మొక్కను వేరుతో లాగి, వేరు ఎండకు తిప్పి పెట్టేది. తల తెగితే చాలదు, మళ్ళీ చిగురిస్తుంది. ముళ్ళ చిర్రాకైతే చేతులు గీరుకుపోయేవి. “దీని వంశం నాశనమైపోను” అని తిట్టేది. మనుషులను కూడా ఆమె అంత కసిగా తిట్టగా నేను వినలేదు.

కలుపుకు ఊరి బయటి పాలెం నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. పాలెంవాళ్ళు తాతల కాలంలోనే కిరస్తానం పుచ్చుకున్నవాళ్ళు. ఆదివారం గంట మోగితే వాళ్ళ పాటలు మా మిద్దె మీదికి వినిపించేవి. ఆ ఆడవాళ్ళకు పెద్ద చిన్నక్క. పేరేదో తెలియదు, చిన్నా పెద్దా అందరూ చిన్నక్క అనే పిలిచేవాళ్ళం. సాయంత్రం పోయేటప్పుడు వాళ్ళు పీకిన చిర్రాకును ఒళ్ళో వేసుకునేవాళ్ళు.

“ఆ గడ్డిని యాడికి మోస్తారమ్మే?” అని జేజి విసుక్కునేది.

“గడ్డి గాదమ్మా, రాత్రికి కూర” అని చిన్నక్క నవ్వేది.

మా ఇంట్లోనూ చిర్రాకు వండేవాళ్ళు. కాని అది జాలారిలో స్నానాలు చేసిన నీళ్ళకు పెంచిన పెరటి మడిది, మా అమ్మ చల్లింది. కందిపప్పులో వేసి, వెల్లుల్లి తిరగమాత పెట్టి అమ్మ దించితే, సంగటి ముద్ద దానంతట అదే జారిపోయేది. జేజి మాత్రం ముట్టేది కాదు. కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనదేదో వదిలి వస్తారంటారు. మా జేజి కాశీకి పోకుండానే వదిలేసిందని అమ్మ గొణిగేది.

చిన్నక్కకు నా ఈడు కూతురు ఉండేది. ఒకరోజు ఇద్దరం రేగుపండ్లకు పోయి, ఎండకు ఓర్వలేక వాళ్ళింటికి చేరాం. పొయ్యి మీద చేని చిర్రాకు ఉడుకుతోంది. చిన్నక్క నన్ను చూసి గతుక్కుమంది.

“నువ్వు ఈడ తినకూడదు పాపా. మీ జేజి నన్ను చంపుతాది.”

“చెప్పనులే” అన్నాను.

ఆమె ఆకును పప్పుగుత్తితో మెదిపి, ఎండుమిరపకాయ కాల్చి నలిపి, ఉప్పు వేసి, సంగటితో నా ముందు పెట్టింది. ఆ కారానికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. అయినా ఇంకో ముద్ద అడిగాను. ఇంటికి వస్తే మూతికి అంటిన ఆకుపసరు చూసి జేజి పట్టేసింది. తినింది యాడో అడిగింది. చెప్పాను. నన్ను వాకిట్లోనే నిలబెట్టి కడివెడు నీళ్ళు తలమీద పోసింది. పాలెంలో తిన్నందుకే ఆ నీళ్ళు అని అప్పుడు అనుకున్నాను.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు ముంగారు వానలు లేవు, మరుసటి ఏడు చల్లిన విత్తనం నేలలోనే మాడిపోయింది. పెన్న ఇసుకలో చెలమ తోడితే చెంబు నీళ్ళు ఊరడానికి పిల్లలం ఆటలన్నీ ఆడి వచ్చేవాళ్ళం. రేగడి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెలలో మా తమ్ముడి కాలు ఇరుక్కుంటుందని అమ్మ వాణ్ణి చంక దించేది కాదు. పాతర దగ్గర మాకు ఇక ఆటలు లేవు. నాయన ఒక్కడే దిగి, గంప నిండకుండానే పైకి వచ్చేవాడు.

జమ్మలమడుగులో గంజి పోస్తున్నారని పాలెంవాళ్ళు పిల్లలను ఎత్తుకుని నడిచిపోయేవాళ్ళు. తాగిన గంజి సత్తువ తిరిగి వచ్చే దారికే సరిపోయేది. మా ఇంట్లో సంగటి పోయి అంబలి వచ్చింది. అంబలి పలచనైంది. అటక మీద బూడిద కలిపి మూతికి మట్టి పూసిన కుండలు ఉండేవి, విత్తనపు శనగలు. తమ్ముడు ఆకలికి ఏడుస్తుంటే అమ్మ ఆ కుండల వైపు చూసేది. నాయన అమ్మ వైపు చూసేవాడు.

కార్తీకం దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. పెద్ద వాన. వంక పారింది. నాయన మిద్దె మీద నిలబడి తడిసిపోతూ నవ్వడం చూశాను. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళైందో! ఆ వానతో కరువు తీరిందనుకున్నారో ఏమో, గంజి పోసేది ఆగిపోయింది.

నాయన మెరకనున్న పై చేలు దున్ని విత్తేసరికి వంకచేను పచ్చబడింది. విత్తింది కాదు, చిర్రాకు. గట్టు నుంచి గట్టు దాకా అడుగు పెట్టడానికి సందు లేదు. కళ్ళు మంట పుట్టేంత పచ్చదనం. రెండేళ్ళుగా అంత పచ్చని రంగు మేము చూడలేదు. పాలెం మొత్తం అక్కడికి వచ్చింది. తర్వాత మా ఊళ్ళోని పేదవాళ్ళూ వచ్చారు. చెంగులు, గంపలు, తువ్వాళ్ళు, ఏది దొరికితే అందులో ఆకు కోసుకుపోయేవాళ్ళు. కొందరు పిల్లలు పచ్చిదే నమిలేవాళ్ళు.

నాయన ఒక పొద్దున గుంటక కట్టి వంకచేనికి తోలాడు. నేను ఆయనకు అంబలి ముంత తీసుకుపోయాను. గుంటక ఒక్కసారి తిరిగితే చిర్రాకంతా వేళ్ళు తెగి పడిపోతుంది. వెనకే గొర్రుతో శనగ విత్తాలి. పై చేలు గులకనేల, వాటి మీద ఆశ తక్కువ. పంటంటూ వస్తే వంకచేను నుంచే రావాలి.

ఆకు కోస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. చిన్నక్క ముందుకు వచ్చింది. ఆమె బుగ్గలు లోపలికి పోయి, కళ్ళే మిగిలాయి.

“అప్పా, కొన్నాళ్ళు ఆగప్పా.”

“నేల పదును నా చేతిలో ఉంటాదా చిన్నక్కా? ఈపొద్దు ఉంటాది, ఎల్లుండికి పోతాది. రేగడి ఒగసారి బిగిసిందంటే గొర్రు దిగదు” అన్నాడు నాయన.

“తెలుసప్పా. నీ చేను, నీ ఇష్టం. కొసలు గిల్లుకుంటే మళ్ళా సిగురేస్తాది. గంజి గూడా ల్యా ఇప్పుడు. దీంతోనే నెట్టుకొస్తాండాం.”

“అంతవరకూ ఆగితే నా ఇత్తనం యాడ పెట్టేది? నాకూ పిల్లోళ్ళుండారు గదా!”

ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు బతిమాలుకుంటున్నారు. ఎద్దులు చిర్రాకులోకి మూతులు పెట్టి ఆబగా లాక్కుంటున్నాయి.

అప్పుడు గట్టు మీద జేజి కనబడింది. ఆడవాళ్ళు వెనక్కి తగ్గారు. చిర్రాకంటే ఆమెకున్న పగ వాళ్ళకు తెలుసు. ఇక మాట్లాడి లాభం లేదనుకుని ఒకరిద్దరు గంపలు నెత్తికెత్తుకున్నారు కూడా. జేజి చేను మొత్తం ఒకసారి చూసింది. ఆకు నములుతున్న ఒక పిల్లవాడి దగ్గర ఆమె చూపు ఆగింది.

“గుంటక ఇప్పురా” అంది.

నాయనకు అర్థం కాలేదు. “ఏందిమా?”

“ఎద్దుల్ని ఇప్పమంటాండా.”

“పదును పోతాదిమా!”

“పోనీ.”

“నువ్వేనా ఈ మాట చెప్పేది? ఇప్పుడు వదిలితే ఇది గింజ పడతాది. ఈ చేను ఇంగ ఎన్నేండ్లకు బాగుపడాల?”

“నీకంటే నాకు తెలుసు” అంది జేజి. ఆమె మెల్లగా సాల్లో కూర్చుంది. నిలబడే ఓపిక లేకనో, మరెందుకో. నేల వైపు చూస్తూ చెప్పింది.

“నేను ఈ పాపంత ఉన్నెప్పుడు మా తట్టు ఇట్లాంటి కరువే వచ్చింది. మా నాయనకు సెంటు నేల ల్యా. ఒగ రైతు బీటి చేన్లో చిర్రాకు మొలిస్తే దాన్నే ఉడకేసుకుని తింటాంటిమి. ఉప్పుగూడా ల్యా. ఒగ పొద్దు ఆయప్ప చేన్లోకి పసరాలను తోలినాడు. మద్యాన్నానికి ఆకు ల్యా. ఆయప్పదీ తప్పు ల్యా. ఆయప్ప ఎద్దులూ డొక్కలంటుకోని ఉండె. మా తమ్ముడు ఆ పసరాల ఎనకాల పోయి, మిగిలిన మోడులు పెరక్కుంటాండె. ఆ వారం దాటల్యా వాడు.”

వంకలో మిగిలిన నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

“నీకు తమ్ముడుండెనా?” అన్నాడు నాయన. అంత పెద్దవాడి గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది.

“ఉండె.”

నాయన మేడి మీద చెయ్యి తియ్యలేదు. “మరి మనం ఏం తినాలమా?” అని అడిగాడు.

“వాళ్ళు తినేదే” అంది జేజి. తన పక్కనున్న మొక్క కొస గిల్లి ఒళ్ళో వేసుకుంది. మరొకటి గిల్లింది. కాసేపటికి చిన్నక్క వచ్చి, కొంచెం ఎడంగా, అదే సాల్లో కూర్చుంది.

నాయన గుంటక విప్పాడు. నేను తెచ్చిన అంబలి తాగకుండానే ఎద్దులను తోలుకుని ఇంటిదారి పట్టాడు.

ఆరోజు జేజే పొయ్యి ముట్టించింది. అమ్మను దగ్గరికి రానివ్వలేదు. ఆకు కడిగి, పెద్ద కుండలో వేసి, గుప్పెడు జొన్నపిండి జల్లి, ఉప్పు, ఎండుమిరపకాయ వేసి దించింది. మాకు పెట్టి తానూ పెట్టుకుంది. నేను తినడం మానేసి ఆమెనే చూస్తున్నాను. ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగింది. కళ్ళు మూసుకుని మింగింది. ఆపైన తల ఎత్తకుండా తన ముందున్నదంతా తినేసింది. నాయన అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. పిలిచినా రాలేదు.

ఆ కూర అమృతమని నేను చెప్పను. వారం తిరిగేసరికి ఉడికే వాసన వస్తేనే నేను వాకిట్లోకి పారిపోయేదాన్ని. పొద్దున అదే, మధ్యాహ్నం అదే. ఊరంతా ఒకే వాసన. మా ఇంటి పొయ్యి మీదా, చిన్నక్క ఇంటి పొయ్యి మీదా కుండలో తేడా లేదు. వద్దని మారాం చేస్తే జేజి నా వైపు ఊరికే చూసేది. ఆ చూపుకు మింగేసేదాన్ని.

పక్క చేలవాళ్ళు పదునులో శనగ విత్తుకున్నారు. శనగకు మంచు చాలు. ఆ చలికాలం మంచు బాగా కురిసింది. పక్క చేలు నల్లటి నేలమీద నిండుగా పూశాయి, కాశాయి. నాయన లెక్క తప్పు కాదు. మేమూ విత్తి ఉంటే పండేది. మా వంకచేను మాత్రం ఆకు ముదిరి, కంకులు వేసి, నల్లటి సన్నటి గింజలు రాల్చింది. గులకనేలలో వేసిన విత్తనం పిట్టల పాలైంది.

నాయన ఎద్దులను ప్రొద్దుటూరు సంతకు తోలుకుపోయి ఒంటరిగా తిరిగి వచ్చాడు. తర్వాత చిలమకూరు దగ్గర కరువుపనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి పోయాడు. రైతు బిడ్డ సుత్తి పట్టడం మా వంశంలో అదే మొదలు. వారానికోసారి వచ్చేవాడు. అరచేతులు పగిలి రక్తం గడ్డకట్టి ఉండేవి. అమ్మ ఆముదం రాస్తుంటే జేజి దూరం నుంచి చూసేది. తల్లీ కొడుకులు అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

పాలెంలో ముసలివాళ్ళు కొందరు పోయారు. పిల్లలు నిలబడ్డారు. మా తమ్ముడూ నిలబడ్డాడు.

మరుసటి ఏడు వానలు నిండుగా పడ్డాయి. ఎద్దుల కోసం నాయన పడిన పాట్లు వేరే కథ. వంకచేనిలో మాత్రం జొన్న కనబడకుండా చిర్రాకు లేచింది. “మీ జేజి పుణ్యం మొలిచింది, పోయి చూడు” అన్నాడు నాతో. జేజి విననట్టు పార తీసుకుని బయల్దేరింది. పాలెం ఆడవాళ్ళు పిలవకముందే వచ్చారు. నేను ఏదేదో ఊహించుకున్నాను. కాని జేజి ఎప్పటిలాగే వేర్లు వదిలేస్తున్నారని చిన్నక్క మీద అరిచింది. చిన్నక్క ఎప్పటిలాగే నవ్వింది. దప్పికకు దోసిలి పడితే జేజి ఎప్పటిలాగే కడవ తగలకుండా పైనుంచి నీళ్ళు పోసింది. ఒకే సాల్లో కూర్చుని ఆకు గిల్లిన ఆడమనిషే ఆమె. ఆ సంగతి నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. నేను ప్రేమించిన మనిషి కాబట్టి దాచిపెట్టలేను.

నాకు పెళ్ళై నేను ప్రొద్దుటూరు వచ్చాక జేజి పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు పెన్న మీద ఆనకట్ట కట్టారు. ఊరు మునుగుతుందన్నారు. పాలెంవాళ్ళు ముందుగా ఊరు వదిలిపోయారు. చిన్నక్క కూతురు యాడికి పోయిందో కూడా నాకు తెలియలేదు. మిద్దెల దూలాలు ఊడదీసి బండ్లకెత్తుకుని మిగిలినవాళ్ళూ కదిలారు. ఆ ఏడు ఎవరూ విత్తలేదు.

అమ్మానాయనలను తీసుకురావడానికి నేను పోయినప్పుడు నాయన ఇంట్లో లేడు. వంకచేనికి పోయినాడని అమ్మ చెప్పింది. పోయి చూస్తే, విత్తని ఆ చేనంతా మళ్ళీ గట్టు నుంచి గట్టు దాకా చిర్రాకు. కోసుకునే మనిషి లేడు. నాయన ఒక్కడే సాలు వెంబడి కూర్చుని పార పట్టుకుని కలుపు తీస్తున్నాడు. పక్కన పీకిన మొక్కల కుప్ప.

నేను గట్టున కూర్చున్నాను. ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

“నాయనా, ఆ పొద్దు జేజి చేసింది సరేనా?”

ఆయన చెయ్యి ఆగలేదు. “తోలింటే శనగలు పండేటివి. ఎద్దులు నిలిచేటివి” అన్నాడు. ఇంకో మొక్క లాగి మట్టి దులిపాడు. “అది నిజమే. కానీ పాపా, తోలింటే ఈ చేన్లో మళ్ళా నేను కాలు పెట్టలేకపోదును.”

సరో కాదో నేనూ తేల్చుకోలేకపోయాను. ఇన్నేళ్ళకు ఆ ప్రశ్న అడగడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఎండ దిగుతోంది. బండి సిద్ధమైందని అమ్మ మనిషిని పంపింది. నాయన కదలడంలేదు.

“ఇంక చాలు, రా నాయనా. పై నెలకు నీళ్ళొస్తాయంటాండారు గదా, దీనికి కలుపు తీసి ఏం చేస్తావు?” అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నేను ఏదో తెలియనితనపు మాట అన్నట్టు చూశాడు.

“నీళ్ళొచ్చేదాకా చేనే గదా” అని, సాలు కొస దాకా పోయాకే లేచాడు.